చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటర్: రెండేళ్ళ ఎనిమిది నెలల వాడకం తర్వాత

అనంతపురం సాయినగర్‌లోని ఒక మందుల దుకాణంలో 190 రూపాయలకు కొన్న థర్మామీటర్ గురించి ఇంత పొడుగు సమీక్ష అవసరమా అని ఎవరికైనా అనిపించవచ్చు. చాలా ఇళ్ళలో అది ఏడాదికి రెండు మూడు సార్లు బీరువా సొరుగులోంచి బయటికి వచ్చి, జ్వరం ఉందో లేదో చెప్పి, మళ్ళీ సొరుగులోకి పోయే వస్తువు. మా ఇంట్లో మాత్రం అది రెండేళ్ళ ఎనిమిది నెలల పాటు దేవుడి గూటి పక్కన, పెద్దవాళ్ళ చేతికి అందేటట్టు, పాప చేతికి అందనట్టు ఉండేది. ఆ రెండో జాగ్రత్త పూర్తిగా ఫలించలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అని తేలింది. పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. రెండు మూడేళ్ళ పాటు క్రమం తప్పకుండా మందులు పడితే ఎక్కువ మంది పిల్లలు కోలుకుంటారని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. చికిత్స బెంగళూరులో జరిగింది. అయితే రెండు మూడేళ్ళూ ఆస్పత్రి మంచం మీదే గడుస్తాయనుకోవడం పొరపాటు. మొదటి నెల గడిచాక కీమో ఎక్కించుకొని ఇంటికి రావడం, మళ్ళీ తేదీకి వెళ్ళడం, మధ్యలో రోజులన్నీ ఇంట్లోనే ఉండడం. అంటే కాపలా అంతా తల్లిదండ్రులదే. మొదటిసారి డిశ్చార్జి చేసిన రోజు నర్సమ్మ చేతికిచ్చిన కాగితంలో మందుల పట్టిక కన్నా పైన, ఎర్ర సిరాతో చుట్టిన ఒక అంకె ఉంది: 100.4. ఆ అంకె దాటితే పగలా రాత్రా చూడకుండా, ఎవరినీ అడగకుండా, మాత్ర వేయకుండా బయలుదేరాలి. ఈ సమీక్ష అంతా ఆ అంకెను నమ్మకంగా చూపగలిగే వస్తువు ఏది అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఆ అంకెకు అంత పట్టింపు ఎందుకో తెలియకపోతే థర్మామీటర్ కొనడంలో ఏం చూడాలో కూడా తెలియదు. కీమో మందులు జబ్బు కణాలతో పాటు ఎముక మజ్జలో పుట్టే మంచి కణాలను కూడా అణచివేస్తాయి. అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సూక్ష్మజీవుల మీదికి ముందుగా పోయేవి. మామూలు బిడ్డకు ఇన్ఫెక్షన్ వస్తే అది వచ్చిన చోట ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఆ చీములో అధికభాగం పోరాడి చచ్చిన ఈ కణాలే. కణాలే లేని బిడ్డకు చీము పట్టదు, వాపూ అంతగా రాదు. లోపల ఎంత జరుగుతున్నా పైకి కనిపించేది చాలాసార్లు జ్వరం ఒక్కటే. రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ పరీక్ష రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 1,200 ఉండి, న్యూట్రోఫిల్స్ 30 శాతం ఉంటే, అసలు లెక్క 360 అన్నమాట. 500 కన్నా తక్కువ ఉన్నప్పుడు జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరంగా చూడరు. ఆస్పత్రి గడప తొక్కిన గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలంటారు, ఎందుకంటే ఆలస్యమైతే కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయే స్థితి రావచ్చు. కీమో ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంటు ఎక్కువగా అడుగంటుతుంది కాబట్టి ఆ వారం మేము బంధువుల ఇళ్ళకు పోవడం, బంధువులను రానివ్వడం రెండూ మానుకున్నాము. అందుకు కొందరికి కోపాలు కూడా వచ్చాయి. అవి ఇంకా పూర్తిగా చల్లారలేదు.

ఇక్కడ ఒక మాట. 100.4 అన్నది మాకు మా ఆస్పత్రి ఇచ్చిన అంకె. ఒక్కసారి 101 వచ్చినా, లేదా 100.4 గంటసేపు నిలిచినా రమ్మనే ఆస్పత్రులూ ఉన్నాయి. మీ బిడ్డకు ఏది వర్తిస్తుందో మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి, నోటిమాటగా గుర్తుపెట్టుకోకూడదు. అర్ధరాత్రి భార్యాభర్తలు ఇద్దరికీ రెండు వేర్వేరు అంకెలు గుర్తుకొస్తాయి.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆ గర్వంతోనే మొదట తప్పు చేశాను. డిశ్చార్జికి ముందే ఆన్‌లైన్‌లో దాదాపు 1,700 రూపాయలు పెట్టి నుదుటికి చూపించే గన్ థర్మామీటర్ తెప్పించాను. బిడ్డను తాకనక్కరలేదు, నిద్ర లేపనక్కరలేదు, ఒక్క క్షణంలో అంకె వస్తుంది, చీకట్లో పచ్చగా వెలుగుతుంది. పెట్టె మీద ఇలాంటివన్నీ రాసి ఉన్నాయి, అవన్నీ నిజమే కూడా. 190 రూపాయల పుల్లను నా భార్య "ఉండనీలే, ఎందుకన్నా మంచిది" అని నా వెక్కిరింతను లెక్కచేయకుండా కొనింది.

ఏప్రిల్ నెలలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక మా అమ్మ నన్ను లేపింది. పాప ఆమె పక్కనే పడుకుంటుంది. "ఒరే అబ్బయా, బిడ్డ వొళ్ళు కాలిపోతాంది, చూడు" అంది. నేను గన్ను తెచ్చి నుదుటికి చూపించాను. 97.9. "ఏం లేదులేమ్మా, ఎండాకాలం గదా" అన్నాను. మా అమ్మ చెయ్యి తీయలేదు. నా భార్య పుల్లను తెచ్చి చంకలో పెట్టి, చేతిని ఒంటికి అదిమి పట్టుకొని కూచుంది. అది కూసిన తర్వాత కూడా తీయకుండా ఇంకొంచెం సేపు ఉంచి తీస్తే 101.1 ఉంది. గన్ను మళ్ళీ చూపిస్తే 98.1.

ఆ రాత్రే మేము అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయాము. బెంగళూరు ఇక్కడికి 200 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, మొదటి యాంటీబయాటిక్ మోతాదు ఇక్కడే పడాలని, ఏ మందు ఎంత ఇవ్వాలో రాసిన ఉత్తరం ఒకటి మా డాక్టరు గారు ముందే ఇచ్చి ఉంచారు. ఆ ఆస్పత్రి ముందు గదిలో ఉన్న కుర్రవాడు కూడా గన్నే తీశాడు. కారు కిటికీ గాలికి చల్లబడి, చెమట పట్టిన నుదుటికి చూపించి, "98.2 ఉంది సార్, నార్మలే. పొద్దున ఓపీకి రాండి" అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం, కానీ అతన్ని అనడానికి నాకు నోరెక్కడిది? గంట కిందట నేను అన్నదీ అదే. నా భార్య సంచిలోంచి పుల్ల తీసి అతని ముందే పెట్టి 101.3 చూపించింది. అప్పుడు డ్యూటీ డాక్టరును లేపారు. ఆయన ఉత్తరం చదివిన తర్వాత మాత్రం ఒక్క నిమిషం వృథా చేయలేదు. రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే బ్లడ్ కల్చర్ తీయించి, సీబీసీకి పంపి, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు ఎక్కించారు. ఈలోగా పోయినవి నలభై నిమిషాలు. దగ్గుతున్న పిల్లల మధ్య బెంచీ మీద కూచున్న నలభై నిమిషాలు. తెల్లవారి రిపోర్టులో న్యూట్రోఫిల్స్ లెక్క వేస్తే 180 వచ్చింది.

గన్ను ఎందుకు తప్పు చెప్పిందో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే సిగ్గు వేసింది, ఎందుకంటే అది నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. గన్ను శరీరం లోపలి వేడిని కొలవదు. చర్మం పైపొర నుంచి వెలువడే పరారుణ కిరణాలను చూసి, దానికి ఒక లెక్క కలిపి, లోపల ఇంత ఉండవచ్చని చెబుతుంది. మా ఇంట్లో ఎయిర్ కూలర్ గాలి నేరుగా మంచం మీదికి వస్తుంది, నుదుటి మీద చెమట. చెమట ఆవిరయ్యేటప్పుడు చర్మం వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. గన్ను చూసినది ఆ చల్లబడిన చర్మాన్ని. తర్వాత నేను స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, చుట్టూ తువ్వాలు చుట్టి, కలియబెడుతూ పరీక్ష చేశాను. పాత పాదరసం థర్మామీటర్, ఆ సరికి మా ఇంట్లో ఉన్న మూడు పుల్లలు అన్నీ అందులో ముంచితే పాదరసం 100.4, పుల్లలు వరసగా 100.4, 100.2, 100.4 చూపించాయి. గన్ను నీటి పైభాగానికి గురిపెడితే 98 దాటలేదు. దీనిబట్టి గన్ను పనికిరానిదని కాదు, దాని పని వేరు. కాలేజీ గేటు దగ్గర వెయ్యి మందిని వడపోయడానికి అది సరిపోతుంది. కౌంటు పడిపోయిన ఒక్క బిడ్డ దగ్గర అది పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది: చాలా గన్నులకు ఒంటి వేడికి ఒకటి, వస్తువుల వేడికి ఒకటి రెండు పద్ధతులు ఉంటాయి. తెలియక బొత్తాం తగిలి వస్తువుల పద్ధతిలోకి మారితే అది ఇంకా తక్కువ అంకెలు చూపిస్తుంది. జుట్టు రాలిన బిడ్డకు చలికాలం ఉన్ని టోపీ పెట్టి, అది తీసిన వెంటనే చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించనూ వచ్చు.

చెవిలో పెట్టే రకం నేను కొనలేదు. నాలుగేళ్ళ బిడ్డ చెవి సందు చిన్నది, గులిమి ఉంటే తేడా వస్తుంది, ప్రతిసారీ కొత్త తొడుగు కావాలి. పాదరసం గాజు థర్మామీటర్ గురించి మా అమ్మకు ఇప్పటికీ గొప్ప నమ్మకం. కొలతలో దానికి వంక పెట్టలేము, కానీ కదలకుండా నాలుగైదు నిమిషాలు ఉంచాలి, విదిలించి దించాలి, పగిలితే గాజు, పాదరసం రెండూ ప్రమాదమే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డ దాన్ని కొరికితే ఏమవుతుందో ఊహించడానికే నాకు ఇష్టం లేదు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. అయినా ఏ మూల దుకాణంలో అడిగినా గాజుది దొరుకుతూనే ఉంది.

ఇక మన పుల్ల సంగతి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ ధరకు దుకాణంలో ఉన్న నాలుగైదు రకాలూ పని తీరులో దాదాపు ఒకటే. కొనేటప్పుడు నేను చూసేవి ఇవి: పెట్టె మీద తయారీ లేక దిగుమతి లైసెన్సు నంబరు ఉండాలి, డిజిటల్ థర్మామీటర్లను ఔషధ చట్టం పరిధిలోకి తెస్తూ కేంద్రం 2018లోనే ప్రకటన ఇచ్చింది. ఖచ్చితత్వం సెల్సియస్‌లో 0.1, ఫారన్‌హీట్‌లో 0.2 డిగ్రీలకు మించి తేడా ఉండదని రాసి ఉండాలి. కొన వంగేది అయితే మేలు. చికిత్సలో చిక్కిపోయిన బిడ్డ చంక గుంట పడి ఉంటుంది. గట్టి కొన ఆ గుంటలో చర్మానికి తగలకుండా గాల్లో నిలబడిపోతుంది, మెత్తటి కొన ఒదిగిపోతుంది. ఈ తేడా దుకాణంలో తెలియదు, ఇంట్లో బిడ్డ ఒంట్లో ఎముకలు తగిలినప్పుడే తెలుస్తుంది.

చంకలోనే ఎందుకంటే, నోట్లో పుండ్లు ఉన్నప్పుడు నోట్లో పెట్టలేము, చిన్నపిల్లలు కొరుకుతారు. ఇక చంటిపిల్లలకు కొందరు మలద్వారంలో పెట్టి చూస్తారే, కీమో నడుస్తున్న బిడ్డకు అది ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. అక్కడ చిన్న గీత పడినా సూక్ష్మజీవులు రక్తంలోకి పోవడానికి దారి అవుతుంది. చంకలో వచ్చే అంకె నోట్లో వచ్చేదానికన్నా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తక్కువ ఉండవచ్చు. దానికి మనం ఏమీ కలపకుండా, "చంకలో ఇంత ఉంది" అని ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పమన్నారు మాకు.

వాడే పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూత. పెట్టె మీద "60 సెకన్లు" అని ఉంటుంది, నిమిషంలోపే కూస్తుంది కూడా. కానీ ఆ కూతకు అర్థం కొలత పూర్తయిందని కాదు. వేడి పెరిగే వేగం ఒక మేరకు తగ్గిందని మాత్రమే. చంకలో చర్మం మూసుకొని లోపలి వేడికి చేరడానికి ఇంకా సమయం పడుతుంది. మా నోటు పుస్తకంలో కూతకు వచ్చిన అంకె, నాలుగో నిమిషానికి వచ్చిన అంకె రెండూ కొన్నాళ్ళు రాశాను: 99.3 అన్నది 100.0 కావడం, 99.9 అన్నది 100.6 కావడం అందులో ఉన్నాయి. ఆ రెండో సందర్భంలో కూత విని తీసేసి ఉంటే మేము బయలుదేరేవాళ్ళమే కాదు. చంక తుడిచి, కొనను చర్మానికి ఆనించి, మోచేతిని పొట్టకు అదిమి, నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలు కదలకుండా ఉండమని నాలుగేళ్ళ పిల్లకు చెప్పడం ఎలాగన్నది వేరే విద్య. మా పాప దానికి కోడిపిల్ల అని పేరు పెట్టింది, కూస్తుంది కాబట్టి. కోడిపిల్ల గూట్లో నిద్రపోతాంది, లేపొద్దు, అని మా అమ్మ కథ చెప్పేది; కూసిన తర్వాత "ఇంకా ఆకలేసి అరుస్తాంది, వాళ్ళమ్మ వచ్చేదాకా ఉండనీ" అని కథను నాలుగు నిమిషాలకు సాగదీసేది.

మా ఊరి ఎండ ఈ వస్తువుకు పెట్టే పరీక్ష ఒకటి ఉంది. మామూలుగా మీట నొక్కగానే తెర మీద చల్లగా ఉందన్న గుర్తు కనబడాలి, ఎందుకంటే ఇది 32 డిగ్రీల సెల్సియస్ కన్నా కింద అంకె చూపించదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, ఎవరికీ పెట్టకముందే అది 99 చూపించేది. మొదటిసారి చెడిపోయిందనుకున్నాను. అది గది వేడి, అంతే. కానీ ఇది తాను చూసిన గరిష్ఠ అంకెనే పట్టి ఉంచుతుంది కాబట్టి, కొనే 99 దగ్గర మొదలైతే బిడ్డకు 98 ఉన్నా 99 అనే చెబుతుంది. కొనను కుండనీళ్ళతో కడిగి, తుడిచి, ఆపి, మళ్ళీ మీట నొక్కి వెంటనే పెట్టాలి. కారు అద్దం ముందు, కిటికీ గట్టు మీద దీన్ని ఎండలో వదలకూడదని వేరే చెప్పనక్కరలేదు. స్నానం అయిన వెంటనే, దుప్పటి కింద నుంచి లేచిన వెంటనే చూడకుండా పావుగంట ఆగడం మంచిది. ఆ పావుగంటలో బిడ్డకు వణుకు వస్తే మాత్రం ఏ పావుగంటా లేదు, నేరుగా ఆస్పత్రికే. ముఖ్యంగా పోర్టు (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే సాధనం) ఫ్లష్, అంటే మందునీళ్ళతో శుభ్రం, చేయించుకొని వచ్చిన రోజు వణుకు వస్తే థర్మామీటర్ కోసం వెతకనే కూడదని మా నర్సమ్మ నాలుగుసార్లు చెప్పింది.

పెద్ద లోపం ఒకటి రాయాలి. మీట ఒక్కటే, దాన్ని ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే ఫారన్‌హీట్ కాస్తా సెల్సియస్ అయిపోతుంది. గూటి పక్కన పెట్టిన పుల్ల పాప చేతికి ఎలా అందిందో ఇప్పటికీ తెలియదు. బొమ్మ చంకలో పెట్టి ఆడుకుంటూ ఉండగా అది మారిపోయింది. ఆ సాయంత్రం మేమిద్దరం ఇంట్లో లేము. మా అమ్మ పెట్టి చూసి, ఫోన్ చేసి, "38.4 ఉండాదిరా, 98 కూడా లేదు, జ్వరం లేనట్టే" అని ధైర్యంగా చెప్పింది. సెల్సియస్ లెక్కలో 38 అంటేనే 100.4. ఆమె తప్పేమీ లేదు, ఆమె జన్మంతా చూసింది 98.6ను. ఆ రోజు నుంచి పెట్టె మూత లోపల తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, దాని మీద పెన్నుతో రాశాను: "100.4 లేక 38.0 దాటితే పోవాల." ఇంట్లో అందరూ చదివి అర్థం చేసుకోగలిగేట్టు, మా ఇంటి మాటలోనే. కొత్త పుల్ల కొన్న ప్రతిసారీ మొదటి పని ఆ ప్లాస్టరు అతికించడమే.

తెర వెలుతురు లేకపోవడం ఇంకో లోపం. బూడిద రంగు అంకెలు రాత్రిపూట ఫోను లైటు వేసి, కోణం మార్చి మార్చి చూస్తే తప్ప కనబడవు. బ్యాటరీ ఎల్ఆర్41 అనే గుండీ సెల్లు. బొమ్మ వైద్యం పుణ్యమా అని మాకు ఏడాదికి రెండు పట్టాయి. మందుల దుకాణంలో "సెల్లు లేదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. టవర్ క్లాక్ దగ్గర గడియారాలు బాగుచేసే ఆయన మాత్రం 20 రూపాయలకు సెల్లు వేసి, మూత రబ్బరు సరిగ్గా కూచుందో లేదో భూతద్దం పెట్టి చూసి ఇచ్చాడు. బ్యాటరీ గుర్తు తెర మీద కనిపించిన రోజే మార్చాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. ఈ కారణం చేతనే ఇంట్లో రెండు ఉండాలి, ప్రయాణం సంచిలో ఒకటి. మేము బెంగళూరుకు ఎక్కువగా రైల్లోనే పోయేవాళ్ళము. క్యాన్సర్ చికిత్సకు పోయే రోగికి స్లీపర్‌లో ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు పోయే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది, ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. తెలియక మేము మొదటి ఆరు నెలలు పూర్తి డబ్బు కట్టాము.

ఇప్పటిదాకా చెప్పిన లోపాలకు మందు ఉంది. ఈ వస్తువుకు మందు లేని లోపం ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా ఎవరినీ కొనమనలేను. చికిత్సలో కొన్ని వారాలు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ నడుస్తుంది. ఆ మందు జ్వరాన్ని అణచిపెడుతుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా పుల్ల మీద అంకె పెరగకపోవచ్చు. ఆ మందుకు పిల్లలకు విపరీతమైన ఆకలి కూడా వేస్తుంది. మా పాప అర్ధరాత్రి లేచి ఉగ్గాని కావాలని ఏడ్చేది, తెల్లవారుజామున చిత్రాన్నం చేయించుకొని తినేది. అలాంటి పిల్ల ఒక రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ అడగలేదు. పడుకొనే ఉంది. కోడిపిల్లను పెట్టి చూస్తే 98.0. నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు, రెండో పుల్ల, మూడో పుల్ల. అన్నిటిలోనూ 98 దగ్గరే. నేను మూడు పుల్లల అంకెలూ నోటు పుస్తకంలో రాస్తూ కూచున్నాను. నా భార్య పాప అరికాళ్ళు పట్టుకొని చూసి, "కాళ్ళు చల్లగా ఉండాయి, మధ్యాన్నం నుంచి ఒంటికి పోలేదు, అన్నం అడగలేదు. నువ్వు రాసుకుంటా ఉండు, నేను ఆటో పిలుస్తా" అంది. బెంగళూరుకు ఫోన్ చేస్తే వాళ్ళూ అదే అన్నారు, స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు అంకె కోసం ఆగవద్దని. ఆ రాత్రి సెలైను, యాంటీబయాటిక్ రెండూ పడ్డాయి. రెండో రోజు కల్చర్‌లో సూక్ష్మజీవి కనబడింది.

ఈ వస్తువు ఉన్నందువల్ల వచ్చే రోగం ఒకటి ఉంది, అది తల్లిదండ్రులకు వచ్చేది. మొదటి నెలల్లో నేను రోజుకు పన్నెండు సార్లు చూసేవాణ్ణి. 98.8 వస్తే పది నిమిషాలకు మళ్ళీ. పాప చంక కొన తగిలి తగిలి ఎర్రబడింది. నోటు పుస్తకం చూసి నర్సమ్మ, "సార్, ఇది పరీక్షల మార్కుల లిస్టా? ఒళ్ళు వెచ్చగా అనిపిస్తేనో, బిడ్డ డల్లుగా ఉంటేనో చూడండి, చాలు" అని గదిమింది. ఆమె చెప్పినదే సరైన పద్ధతి. ఇంకొకటి, జ్వరం ఉందని తెలిసిన తర్వాత పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో చూద్దామనే సలహా దుకాణదారుల నుంచి, పక్కింటివారి నుంచి తప్పకుండా వస్తుంది. ముందు అంకె రాసుకొని, ఆస్పత్రికి ఫోన్ చేసి, వాళ్ళు వేయమంటేనే వేయాలి. లేకపోతే అంకె పడిపోతుంది గాని ఇన్ఫెక్షన్ పోదు. కీమోలో వాడే సైటారబిన్ అనే మందు తనంతట తానే జ్వరం తెప్పించగలదు. అది మందు జ్వరమో, ఇంకోటో పుల్ల చెప్పలేదు, మనమూ తేల్చకూడదు. మేము రెండుసార్లు అలా పోయి, ఏమీ లేదని తెలిసి వెనక్కు వచ్చాము. ఆ రెండు రాత్రుల ఖర్చు గురించి ఎవరైనా అడిగితే నాకు విచారం లేదు.

శుభ్రం విషయం క్లుప్తంగా: వాడిన ప్రతిసారీ కొనను సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే చాలు, తెర ఉన్న వైపు నీళ్ళు తగలనీయకూడదు. పాపది పాపకే. ఇంట్లో ఇంకెవరికి జ్వరం వచ్చినా వేరే పుల్ల. మా అమ్మకు పాదరసమే.

మార్కులు వేయాలంటే అయిదుకు నాలుగు వేస్తాను. తెర వెలగనందుకు అర, మీట పొడుగ్గా నొక్కితే కొలమానం మారిపోయే ఏర్పాటుకు అర తగ్గించాను. గన్నుకు ఈ పనిలో ఒకటి కూడా ఎక్కువే.

పాప చికిత్స గత నెలలో పూర్తయింది. మొత్తం మీద నాలుగు పుల్లలు కొన్నాము. రెండు ఇంకా పనిచేస్తున్నాయి, ఒకటి బెంగళూరు రైల్లో పోయింది. అన్నిటికన్నా మొదటిది, ఏప్రిల్ రాత్రి 101.1 చెప్పినది, కిందపడి తెర చెదిరింది. దాన్ని పారేయబుద్ధి కాక కాలేజీకి తీసుకుపోయి, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల ముందు కొన కోసి చూపించాను. లోపల రెండు సన్నని తీగల చివర ఆవగింజంత థర్మిస్టర్ ఉంది. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుందని చెప్పి, చేతుల్లోకి ఇచ్చి, వరసగా అందరినీ చూడమన్నాను. చివరి బెంచీ పిల్లవాడు మూత లోపల అతికించి ఉన్న ప్లాస్టరు చదివి, "ఎక్కడికి పోవాల సార్?" అని అడిగాడు.